మీకు తెలుసా? పడమటెండను ఆపే చెట్టేదో!

రోహిణీ కార్తె వచ్చిందంటే తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో డాబా ఇళ్ళు కుంపట్లే. ఇంటికి నీడనిచ్చే మొక్క నాటేముందు ఈ సంగతులు చదవండి.

● మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. దక్షిణాన చెట్టుంటే ఆ రోజుల్లో గోడకు నీడ రాదు. ఇల్లు కాగిపోయేది సాయంత్రపు ఎండకు. అందుకే చెట్టుకు పడమర, వాయవ్యం మేలు.

● మన వేపను ఎడారి దేశం కోరి తెచ్చుకుంది. మక్కా దగ్గరి అరాఫత్ మైదానంలో హజ్ యాత్రికుల నీడ కోసం సుమారు 50 వేల వేపచెట్లు పెంచారు. 2018లో ఆంధ్రప్రదేశ్ వేపనే రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది.

● దసరాకు మనం మొక్కే జమ్మే థార్ ఎడారిలో ఖేజ్రీ, ఎమిరేట్స్‌లో గాఫ్. అటు రాజస్థాన్‌కు, ఇటు తెలంగాణకు అదే రాష్ట్ర వృక్షం.

● వేప, కానుగ ఎండలు ముదరకముందే ఆకు రాల్చి ఉగాది నాటికి చిగురిస్తాయి. మే నెలలో నీడ నిండుగా ఉంటుంది. నీడచెట్టులో చూడాల్సిన మొదటి గుణం ఇదే.

● ఎడారి నేలలకున్న ఒక కష్టం మన తీరానికీ ఉంది: ఉప్పు. రేపల్లె వైపు చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కానుగ ఆ ఉప్పును ఓర్చుకుంటుంది. బాపట్ల ఇసుక నేలల్లో బాదం చెట్టూ బాగా వస్తుంది.

● కానుగ ఆకును తిప్పి చూడండి. వేళ్ళలా పొడుచుకొచ్చిన పచ్చని బుడిపెలు కనిపిస్తే కంగారు పడకండి. కంటికి ఆనని నల్లి చేసే పని అది. దానివల్ల చెట్టు చావదు.

● గల్ఫ్ పట్టణాల్లో విరివిగా పెంచే కోనోకార్పస్ త్వరగా పెరుగుతుంది. కానీ వేళ్ళు పైపుల్లోకి దూరతాయన్న ఫిర్యాదులతో, పుప్పొడి భయంతో తెలంగాణ 2022లో, గుజరాత్ 2023లో దాన్ని నాటవద్దన్నాయి.

● ఎర్రగా పూసే తురాయి పుట్టిల్లు మడగాస్కర్. కొమ్మలు పెళుసు, వేళ్ళు పైపైనే పాకుతాయి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలులొచ్చే చోట తురాయిని ఇంటికి ఆనించి పెంచకండి.

● వేప గింజ దాచుకుంటే కొన్ని వారాలకే మొలకెత్తే శక్తి పోతుంది. పండు రాలగానే గుజ్జు కడిగి నాటాలి.

ఈ తొలకరికి ఇంటి పడమట ఒక వేపో, కానుగో నాటండి. కాలువలు కట్టేసే మొదటి రెండు వేసవుల్లో పాదులో వరిగడ్డి పరిచి, బిందెడు నీళ్ళు పోయండి. ఆ తర్వాత అదే మీ ఇంటిని చల్లగా చూసుకుంటుంది.