వేషం వెనుక మనిషి

వేషం వేయడం తెలుగువారికి కొత్త విద్య కాదు. పగటివేషగాళ్లు ఊరూరా తిరిగి, వీధినే రంగస్థలంగా చేసుకొని, లోకంలోని రకరకాల మనుషులను ఉన్నదున్నట్టుగా చూపి జనాన్ని నవ్వించారు, ఆలోచింపజేశారు. మన ప్రాంతంలో పీర్ల పండుగ వచ్చిందంటే పులివేషాలు కట్టేవారిలోను, అలావా చుట్టూ ఆడేవారిలోను హిందువులూ ముస్లిములూ కలిసే కనిపిస్తారు. కనుక పాత్రధారణ క్రీడ అనగానే అదేదో పరాయి దేశపు వింత అని విద్యార్థులు భావించనక్కరలేదు.

అయితే నాటకానికీ ఈ క్రీడకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. నాటకంలో మాటలు ముందే వ్రాసి ఉంటాయి. చూసేవారు వేరు, ఆడేవారు వేరు. పాత్రధారణ క్రీడలో వ్రాతప్రతి లేదు. నిర్వాహకుడు ఒక సందర్భాన్ని కల్పిస్తాడు. ఆటగాళ్లు తలా ఒక పాత్రను స్వీకరించి, ఆ పాత్ర ఏమి చేస్తుందో అప్పటికప్పుడు తామే నిర్ణయిస్తారు. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనువారు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటతో ఇది వినోదంగా వ్యాప్తి చెందింది. అంతకుముందే మొరీనో అనే వైద్యుడు దీనిని మనోచికిత్సకు వినియోగించాడు. నేడు తరగతి గదులలోను, సేవా శిబిరాలలోను ఇది బోధనా పద్ధతిగా కూడ ఉపయోగపడుతున్నది. ఇతరుల స్థానంలో నిలిచి చూడడం నేర్పే విద్య కనుక దీని విలువ గొప్పది. ప్రమాదం కూడ అక్కడే పొంచి ఉన్నది. వేషం అరువుదే కావచ్చును. కన్నీరు మాత్రం ఎప్పుడూ సొంతమే.

ఈ సత్యాన్ని నేను పుస్తకాలలో నేర్చుకోలేదు. కొన్నేళ్ల క్రితం భద్రాచలం అడవి అంచున ఒక గూడెంలో విద్యార్థుల శిబిరం జరిగింది. గిరిజనుల భూమి సమస్యపై ఒక సాయంత్రం పాత్రధారణ నిర్వహించాము. షెడ్యూల్డు ప్రాంతాలలో భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదని 1970లోని ఒకటవ రెగ్యులేషన్, అంటే అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే చట్టం, శాసిస్తున్నది. 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమిని సాగు చేసుకొంటున్న గిరిజనులకు హక్కు కల్పించేందుకు 2006లో మరొక చట్టం వచ్చింది. ఈ చట్టాలు విద్యార్థులకు అనుభవంలోకి రావాలని నా కోరిక.

చీట్లు తీయించాము. ఒకరికి ఫారెస్టు గార్డు, ఒకరికి షావుకారు, ఒక కోయ విద్యార్థికి పోడు రైతు పాత్రలు వచ్చాయి. అధికారి పాత్రను నేనే తీసుకొన్నాను. ఆట రక్తి కట్టింది. గార్డు వేషంలోని కుర్రవాడు ఉత్సాహంతో రేగిపోయి, పంటగా పరచిన ఆకులను కాలితో తన్నాడు. అందరూ నవ్వారు. పోడు రైతు మాత్రం మాట్లాడలేదు. లేచి వెళ్లి ఇప్పచెట్టు క్రింద కూర్చున్నాడు. రాత్రి భోజనాల వేళ నేను దగ్గరకు వెళితే, “మీ అందరికీ అది ఆట సార్. మా నాయనకు నిజంగానే జరిగింది. ఆకులు కాదు సార్, కంకి మీదున్న జొన్న” అన్నాడు.

ఆ తప్పు గార్డు వేషం వేసిన కుర్రవానిది కాదు; నాది. ఎవరికి ఏ విషయం బాధాకరమో ముందుగా అడగలేదు. ఆపమని చెప్పే మార్గం చూపలేదు. పైగా నేనూ వేషంలో ఉండిపోవడం వలన, చూడవలసిన కన్ను మూసుకుపోయింది.

సరిగా ఇదే పొరపాటు ప్రపంచ ప్రసిద్ధమైన ఒక ప్రయోగంలో కూడ జరిగింది. 1971 ఆగస్టులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జింబార్డో అనే ఆచార్యుడు కళాశాల విద్యార్థులకు ఖైదీల, కావలివారి పాత్రలిచ్చి కృత్రిమ కారాగారాన్ని నడిపాడు. రెండు వారాలు సాగవలసినది 6 రోజులకే ఆపవలసి వచ్చింది. కావలివారిని కఠినంగా ఉండమని ముందే ప్రోత్సహించారని, కనుక దాని ఫలితాలను నమ్మరాదని తరువాతి పరిశోధకులు విమర్శించారు. ఏమైనా మనకు పాఠం ఒకటే: ఆచార్యుడు తానే కారాగార అధికారి పాత్ర ధరించాడు; ఇది తప్పు అని గట్టిగా చెప్పడానికి బయటినుండి వచ్చిన క్రిస్టినా మస్లాక్ అనే పరిశోధకురాలు కావలసి వచ్చింది.

మరొక విషయం మన కళాశాలకు మరింత దగ్గరిది. నేను చదువుకొనే రోజులలో తెలంగాణ సాయుధ పోరాటంపై ఎక్కడ ప్రదర్శన జరిగినా రజాకారు వేషం నాకే వచ్చేది. “నీకైతే సహజంగా ఉంటుందిరా” అనేవారు. వారికి ద్వేషం లేదు. ఆలోచన లేదు, అంతే. రజాకార్ల దౌర్జన్యాన్ని కలంతో ఎదిరించి 1948 ఆగస్టులో ప్రాణాలర్పించిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ పాత్రను గాని, పోరాటంలో నిలిచిన మఖ్దూం మొహియుద్దీన్ పాత్రను గాని ఎవరూ నాకు ఇవ్వలేదు. పుట్టుకను చూచి పాత్రను పంచడం ఆటగానికి చేసే అన్యాయం. చరిత్రకు కూడ అన్యాయమే.

మరి నిర్వాహకులు పాటించవలసిన పద్ధతులేమిటి? ఇతర దేశాల ఆటగాళ్లు అనుభవంతో రూపొందించినవి కొన్ని మనకూ పనికివస్తాయి.

మొదటిది, ముందుమాట. ఆటలో ఏ విషయాలు రానున్నవో ముందే చెప్పాలి. అసలు రాకూడనివి ఏవో, వచ్చినా వివరంగా చూపక తెరచాటున ఉంచవలసినవి ఏవో అందరూ కలిసి నిర్ణయించుకోవాలి. రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రచయిత వీటికి ‘గీతలు, తెరలు’ అని అర్థం వచ్చే పేర్లు పెట్టాడు. నలుగురిలో చెప్పుకోలేనివారు చీటీపై పేరు లేకుండా వ్రాసి ఇవ్వవచ్చును.

రెండవది, ఆపే హక్కు. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ‘ఎక్స్ కార్డు’ పద్ధతిలో, ఇంటూ గుర్తు వేసిన కార్డు బల్లపై ఉంటుంది. ఎవరు దానిని తాకినా ఆ సన్నివేశం అక్కడితో విడిచి ముందుకు సాగాలి. ‘ఎందుకు?’ అని అడగరాదు. కారణం చెప్పవలసివస్తే సిగ్గరి అయినవాడు ఎన్నటికీ ఆ కార్డును తాకడు. మనకు కార్డు కూడ అక్కరలేదు. చేయి ఎత్తితే చాలునని చెప్పుకొంటే సరిపోతుంది.

మూడవది, పాత్రల పంపకం. చీట్లు వేసినా, వచ్చిన పాత్రను నిరాకరించే స్వేచ్ఛ ఉండాలి. నిర్వాహకుడు ఏ వేషమూ వేయరాదు.

నాలుగవది, వేషం విప్పడం. ఆట ముగిసిన వెంటనే వెళ్లిపోరాదు. వలయంగా కూర్చొని, ప్రతివారూ తమ సొంత పేరు చెప్పుకొని, తమకు కలిగిన అనుభవాన్ని పంచుకోవాలి. మొరీనో చికిత్సలో కూడ ఈ పంచుకోవడమే చివరి ఘట్టం. దుష్టపాత్ర ధరించినవానికి ఇది మరీ అవసరం. లేకుంటే ఆ గార్డు, ఆ రజాకారు అన్న పేరు హాస్టలు దాకా వెంటవస్తుంది.

“ఇన్ని నియమాలు పెడితే కష్టమైన విషయాలను ఆడేదెట్లా?” అని కొందరు ప్రశ్నించవచ్చును. సమాధానం సులభమే. గట్టి తాడు ఉన్నదనే ధైర్యంతోనే గదా లోతు బావిలోకి దిగుతాము! రక్షణ ఉన్నచోటనే విద్యార్థి నిర్భయంగా బాధాకరమైన సత్యాన్ని తాకగలడు.

ఆ కోయ విద్యార్థి మరుసటి సంవత్సరం శిబిరానికి మళ్లీ వచ్చాడు. ఈసారి ముందుగా అడిగాను. పోడు రైతు పాత్ర వద్దన్నాడు. సర్వేయరు పాత్ర కోరుకొన్నాడు. గొలుసు పట్టుకొని పొలాన్ని న్యాయంగా కొలిచి, రైతు చేతిలో పట్టా పెట్టాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

మన కళాశాలలో తెలుగు, ఉర్దూ, కోయ మాటలు ఒకే వరండాలో వినిపిస్తాయి. ఇన్ని ఇళ్ల కథలు కలిసే చోట ఎవరి కథ ఎవరికి గాయమో ముందుగా ఎరుగలేము. అడిగి తెలుసుకోవడమే మార్గం. ఇకపై శిబిరాలలోను వార్షికోత్సవ ప్రదర్శనలలోను ఈ నాలుగు పద్ధతులను నియమంగా స్వీకరించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను.