ఘన ఆమ్ల ఉత్ప్రేరకాలపై తేమ ప్రభావం: హైడ్రోకార్బన్ల ఐసోమరీకరణం

ఉపోద్ఘాతం:
అణుసూత్రం మారకుండా పరమాణువుల అమరికను మాత్రమే మార్చే చర్యను ఐసోమరీకరణం అంటారు. చమురు శుద్ధి కర్మాగారాల్లో తేలిక నాఫ్తాలోని సరళ శృంఖల హైడ్రోకార్బన్లను శాఖాయుత రూపాలుగా మార్చడానికి దీనిని వినియోగిస్తారు. నార్మల్ పెంటేన్ ఆక్టేన్ సంఖ్య సుమారు 62 కాగా, ఐసోపెంటేన్ ఆక్టేన్ సంఖ్య సుమారు 92. ఇది ఉష్ణమోచక చర్య కనుక ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ సమతాస్థితిలో శాఖాయుత రూపాల వాటా పెరుగుతుంది. తక్కువ ఉష్ణోగ్రతలో చర్య వేగంగా సాగాలంటే బలమైన ఆమ్లస్థానాలు కావాలి. అవి నీటిని కూడా బలంగా ఆకర్షిస్తాయి. తేమ సమస్యకు మూలం ఇదే.

క్లోరినీకృత అల్యూమినా:
ప్లాటినం కలిగిన ఈ ఉత్ప్రేరకం సుమారు 120-180 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేస్తుంది. దీని ఆమ్లత్వానికి ఉపరితలంపై ఉన్న అల్యూమినియం-క్లోరిన్ బంధం ఆధారం. నీటి అణువు ఆ బంధాన్ని తెంచి, క్లోరిన్ స్థానంలో హైడ్రాక్సిల్ సమూహాన్ని నిలుపుతుంది. క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్‌గా వెలువడుతుంది. ఆ స్థానాలను ఆరబెట్టి తిరిగి పొందడం సాధ్యం కాదు. అందుకే ముడిపదార్థాన్నీ, హైడ్రోజన్‌నూ ముందుగా అణుజల్లెడల గుండా పంపి తేమను తొలగిస్తారు.

సల్ఫేటీకృత జిర్కోనియా:
ఇది బ్యూటేన్‌ను ఐసోమరీకరించగలదని జపాన్ శాస్త్రవేత్తలు హినో, అరటా 1979లో ప్రకటించారు. దీని విషయంలో తేమ ప్రభావం మోతాదును బట్టి మారుతుంది. స్వల్పమైన నీరు కొన్ని లూయీ ఆమ్లస్థానాలను బ్రాన్‌స్టెడ్ స్థానాలుగా మార్చి చర్యకు తోడ్పడుతుంది. నీరు అధికమైతే స్థానాలు కప్పబడి ఆమ్లబలం క్షీణిస్తుంది. పొడిగాలిలో వేడిచేస్తే చర్యాశీలత చాలావరకు తిరిగివస్తుంది.

మోర్డెనైట్ జియొలైట్:
ఇది సుమారు 250-280 డిగ్రీల వద్ద పనిచేస్తుంది. ఇక్కడ నీరు ఆమ్లస్థానాల కోసం హైడ్రోకార్బన్‌తో పోటీపడుతుంది. తేమ తొలగితే ఉత్ప్రేరకం మునుపటిలా పనిచేస్తుంది. అయితే పునరుద్ధరణ సమయంలో అధిక ఉష్ణోగ్రత వద్ద నీటి ఆవిరి తగిలితే స్ఫటిక చట్రంలోని అల్యూమినియం తొలగిపోయి నష్టం శాశ్వతమవుతుంది. తేమను ఓర్చుకునే ఈ గుణానికి మూల్యం కూడా ఉంది. అధిక ఉష్ణోగ్రత కారణంగా శాఖాయుత రూపాల వాటా తగ్గుతుంది.

ముగింపు:
“తేమ ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది” అనే ఒక్క వాక్యం ఈ మూడు స్థితులను వివరించలేదు. మొదటిదానిలో బంధం తెగుతుంది, రెండవదానిలో ఆమ్లస్థానాల స్వభావం మారుతుంది, మూడవదానిలో స్థానాలు తాత్కాలికంగా ఆక్రమించబడతాయి. ఖరీదైన ప్లాటినం ఉత్ప్రేరకాన్ని ఆరబెట్టి వాడుకోవాలా, మార్చివేయాలా అనే నిర్ణయం ఈ భేదంపైనే ఆధారపడుతుంది. తెలుగులో విజ్ఞానశాస్త్ర రచన చేసేవారు ఆయా ప్రక్రియలకు తగిన క్రియాపదాలను వేర్వేరుగా ఎంచుకోవడం అందువల్ల అవసరం.