పసివాడి కోపం... పెద్దలకు పాఠం

సాయంసంధ్యలో దీపారాధన ముగించి భక్తులకు తీర్థమిచ్చే వేళ, తరచుగా ఎవరో ఒక తల్లి వచ్చి నిలుస్తుంది. పక్కన ఐదారేళ్ళ బిడ్డ. "అయ్యగారూ! వీడికి పట్టరాని కోపమండీ. ఏది కాదన్నా చేతికందింది విసిరేస్తాడు. వీడి పేరున అర్చన చేసి, ఒక తాయెత్తు కట్టండి" అని వేడుకుంటుంది. గోత్రనామాలు చెప్పించుకుని అర్చన చేస్తాను. అక్షతలు వేసి ఆశీర్వదిస్తాను. ఆపైన ఒక్క ప్రశ్న అడుగుతాను. "అమ్మా! బిడ్డ కోపగించుకున్నప్పుడు మీ ఇంట్లో పెద్దలేం చేస్తారు?" చాలామంది ఆ ప్రశ్నకు తడబడతారు. ఒకప్పుడు నేనూ తడబడినవాణ్ణే.

సునీతి చూపిన దారి

భాగవతం చతుర్థస్కంధంలోని ధ్రువోపాఖ్యానం తెలియని తెలుగువారు అరుదు. ఉత్తానపాద మహారాజు ఒడిలో ఉత్తముడు కూర్చుని ఉండగా, తానూ ఎక్కబోయిన ఐదేళ్ళ ధ్రువుణ్ణి సవతితల్లి సురుచి పరుషవాక్యాలతో అడ్డుకున్నది. పసివాడు కోపంతో, దుఃఖంతో తల్లి సునీతి వద్దకు పరుగెత్తాడు. ఆ తరువాత అతడు చేసిన తపస్సును మనం పదేపదే చెప్పుకుంటాం. నడుమ ఆ తల్లి ప్రవర్తించిన తీరును మాత్రం అంతగా గమనించం.

సునీతి ముందుగా బిడ్డను ఒడిలోకి తీసుకున్నది. ఏడుపు మానమని గద్దించలేదు. సురుచి మీద పగ నూరిపోయలేదు. పైగా ఒరులకు కీడు తలపెట్టవద్దని చెప్పింది. ఏడుస్తున్నాడు కదా అని సింహాసనం ఇప్పిస్తానన్న వట్టిమాటా ఇవ్వలేదు. శ్రీహరిని ఆశ్రయించమని దారి చూపింది. తాను కన్నీరు పెడుతూనే ఇంతటి వివేకం చూపిన తల్లి ఆమె.

నేను చేసిన తప్పు

ఈ కథను ఎన్నో ప్రవచనాలలో చెప్పినవాణ్ణే గానీ, ఇంట్లో ఆచరించినవాణ్ణి కాను. నా కుమారుడు చిన్ననాట చిరాకు మనిషి. సంత చెప్పేటప్పుడు స్వరం తప్పితే సరిదిద్దేవాణ్ణి. వాడు విసురుగా లేచిపోయేవాడు. వాడి కోపం కంటె నా కోపం ఒక మెట్టు పైన ఉండేది. ఐదేళ్ళు దాటిన బిడ్డను పదేళ్ళపాటు దండించమనే నీతిశ్లోకం నోటికి వచ్చు గనుక, నా బెత్తానికి శాస్త్రప్రమాణం దొరికిందనుకున్నాను. పన్నెండో ఏట వాడు వేదాధ్యయనం మానేశాడు. పెద్దవాడై ఉద్యోగస్థుడయ్యాక కూడా నా ఎదుట కూర్చుని నాలుగు మాటలు మాట్లాడేవాడు కాదు.

ఆ పశ్చాత్తాపంతోనే కాబోలు, మనుమడి విషయంలో రెండవ కొసకు జారిపోయాను. ఆరేళ్ళ ఆ పిల్లవాడికి అన్నం ముద్ద దిగాలంటే సెల్‌ఫోన్ కావాలి. తల్లి కాదంటే కేకలు. కేకలు మిన్నంటితే, "పోనీలే అమ్మా, ఇచ్చెయ్యి" అనేవాణ్ణి నేనే. ఒకనాడు వాడు విసిరిన స్టీలు గ్లాసు ఏడాది వయసున్న చెల్లెలి నుదుట తగిలి రెండు కుట్లు పడ్డాయి. అప్పుడు మా కోడలు వాణ్ణి పిల్లల మానసిక వైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళింది. తిరిగివచ్చి, "మామయ్యగారూ, ఇంట్లో పెద్దలందరూ రావాలట. మీరూ రావాలి" అన్నది. కోపం వాడిదైతే పాఠం నాకా అని అభిమానం అడ్డువచ్చింది. పసిదాని నుదుటి కట్టు చూసి బయలుదేరాను.

ఆజ్యం పోసేది ఎవరు?

ఆ వైద్యురాలు చెప్పినది తేలికైన మాటే. బిడ్డ అరిచాడు, ఫోను చేతికి వచ్చింది. అరిస్తే దొరుకుతుందని వాడు నేర్చుకున్నాడు. ఫోను ఇచ్చాం, అరుపు ఆగింది. ఇచ్చేస్తే ఇల్లు నెమ్మదిస్తుందని మనం నేర్చుకున్నాం. తెలియకుండానే ఒకరికొకరు గురువులమయ్యాం. కొట్టినా అంతే. ఆ పూటకు బిడ్డ అణగుతాడు గనుక దెబ్బ పనిచేసిందని భ్రమపడతాం. వాడు నేర్చేది మాత్రం, బలమున్నవాడు కోపంతో పని జరిపించుకోవచ్చునని.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుటుంబాలను ఇళ్ళలోనే పరిశీలించి, ఈ చిక్కుముడిని 1982లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యులు ఆలన్ కాజ్డిన్ వంటివారు తల్లిదండ్రులకు శిక్షణనిచ్చే పద్ధతిని పెంపొందించారు. కొన్ని వారాలపాటు పెద్దలే విద్యార్థులై, ఏ మాట ఎలా అనాలో వైద్యుల ఎదుట అభ్యసించి, ఇంట్లో ఆచరించి, మరల వచ్చి సరిదిద్దుకోవడం ఇందులోని క్రమం. నిత్యం హోమకుండం ముందు కూర్చునే నాకు ఇది వెంటనే బోధపడింది. ఆజ్యం పోస్తూ, అగ్ని చల్లారలేదని వగచడం ఎంత అవివేకం!

అభ్యసించవలసినవి

పాఠకులారా, ఆ శిక్షణలో నేను నేర్చుకున్నవి ఇవి. మొదటిది, ఇంట్లో పెద్దలందరిదీ ఒకే మాట కావాలి. తల్లి కాదన్నది తాత ఔననరాదు. రెండవది, బిడ్డ నెమ్మదిగా ఉన్న ఘడియను కనిపెట్టి మెచ్చుకోవాలి. "మంచివాడివి" అంటే చాలదు. "ఫోను అడగకుండా నాలుగు ముద్దలు తిన్నావు, నాకు సంతోషమైంది" అని చేసిన పనిని పేరుపెట్టి చెప్పాలి. మూడవది, ఆజ్ఞ చిన్నదిగా, శాంతంగా ఉండాలి. ఆట ఆపవలసి ఉంటే పది నిముషాల ముందే చెప్పాలి. "పప్పన్నం ముందా, చారన్నం ముందా?" అని చిన్న ఎంపిక వాడికి వదలాలి.

నాలుగవది, మారాం మొదలైనప్పుడు ఎవరికీ హాని లేనంతవరకు దానికి ప్రతిఫలమివ్వరాదు, వాదానికి దిగరాదు. దగ్గరలోనే ఉండి, శాంతించగానే ఆదరించాలి. విసరడం, కొట్టడం ఉంటే వస్తువులను, చిన్నపిల్లలను దూరం చేయాలి. మంచిచెడ్డలు చెప్పడం కోపం చల్లారిన తరువాతే. ఐదవది, అన్నిటికన్న కష్టమైనది, మన గొంతు పెరగకుండా చూసుకోవడం. కోపం ముంచుకొస్తే నేను పక్కగదిలోకి వెళ్ళి పది ప్రాణాయామాలు చేసి వస్తున్నాను.

ఒక హెచ్చరిక. ఇవి ఆరంభించగానే బిడ్డ పేచీ తగ్గకపోగా కొన్నాళ్ళు పెరగవచ్చు. ఇన్నాళ్ళూ ఫలించిన ఉపాయం ఎందుకు ఫలించడంలేదని వాడు మరింత గట్టిగా ప్రయత్నిస్తాడు. మూడవనాడు మా మనుమడు ముప్పావుగంట ఏడ్చాడు. వాడి నాయనమ్మ ఓర్వలేక ఫోను చేతిలో పెట్టింది. మళ్ళీ మొదటికి వచ్చాం. అక్కడ లొంగితే, మరికాస్త ఎక్కువసేపు ఏడవాలని నేర్పినట్టే.

అర్చనతోపాటు వైద్యమూ

చిరాకుకు నిద్రలేమి, ఆకలి, బడిలో భయం, లోలోపలి దిగులు కూడా కారణాలు కావచ్చు. కోపావేశాలు సగటున వారానికి మూడుసార్లో అంతకుమించో వస్తూ, నడుమ రోజులలోనూ చిరాకు వీడక, ఏడాదిగా ఇంటా బడిలోనూ ఇదే తీరైతే, 2013 నుంచి వైద్యులు దానిని ప్రత్యేక రుగ్మతగా గుర్తిస్తున్నారు. అంతవరకు వేచి ఉండనక్కరలేదు. బిడ్డ తనకు గానీ ఇతరులకు గానీ హాని చేస్తున్నా, చదువు, నిద్ర చెడుతున్నా వెంటనే పిల్లల మానసిక వైద్యులను చూడండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. అర్చన మానమని నేననను. అర్చనతోనే సరిపెట్టవద్దని మాత్రం చెబుతాను.

మా మనుమడు ఇప్పటికీ అలుగుతాడు, కేకలూ వేస్తాడు. ఆరునెలలుగా మాత్రం ఏ వస్తువూ విసరలేదు. ఒకరాత్రి వాడు అన్నం దగ్గర మారాం చేస్తుంటే, నేను మాట్లాడక పక్కనే కూర్చున్నాను. కాసేపటికి వాడే వచ్చి నా ఒడిలో తలపెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న నా కుమారుడు, "నాన్నగారూ! నా చిన్నప్పుడు మీరిలా ఆగగలిగి ఉంటే, నేను మీ దగ్గర వేదం పూర్తి చేసేవాణ్ణేమో" అన్నాడు. నా వద్ద సమాధానం లేదు. "తప్పు నాదే నాయనా" అన్నాను. ముప్పై ఏళ్ళకు ఆ రాత్రి మేమిద్దరం అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం.

మొక్కై వంగనిది మానై వంగదంటారు. అరవై దాటిన నేను కొంచెం వంగగలిగాను. మీ వయసు నాకన్న తక్కువే అయి ఉంటుంది. ఈ రాత్రి మీ బిడ్డ అలిగితే సునీతిని తలచుకోండి. ఆ తల్లి ఓర్పు మీకు కలుగుగాక!