బరువు తగ్గాలంటే అన్నం మానాలా?



ఒక రాత్రి పదకొండు గంటల సమయంలో మన క్యాజువాలిటీకి ఒక తల్లిని ఆటోలో తీసుకొని వచ్చారు. చీరంతా చెమటతో తడిసిపోయింది. చేతులు చల్లబడి వణుకుతున్నాయి. పిలిస్తే సరిగా పలకడం లేదు. "హార్టెటాక్ వచ్చింది సిస్టరమ్మా, జల్ది చూడుండ్రి" అని కొడుకు ఏడుస్తున్నాడు. డ్యూటీ సిస్టరు వేలు గుచ్చి చూస్తే షుగరు 48 ఉన్నది. డాక్టరు గారు వెంటనే గ్లూకోజు ఎక్కించారు. పావుగంటలో ఆమె కండ్లు తెరిచి, "నేనెట్ల వచ్చిన ఇక్కడికి?" అని అడిగారు. గోలీ ప్రభావం ఇంకా ఒంట్లో ఉంటుంది కాబట్టి ఆ రాత్రి వార్డులోనే ఉంచాము.

మరునాడు ఉదయం రౌండ్లలో కూర్చొని అడిగితే సంగతి తెలిసింది. బిడ్డ పెండ్లి రెండు నెలల్లో ఉన్నది. పెండ్లి ఫోటోలలో లావుగా కనబడవద్దని ఇరవై రోజులుగా అన్నం పూర్తిగా మానేశారు. పొద్దున ఒక గ్లాసు రాగి జావ, మధ్యాహ్నం కీర ముక్కలు, రాత్రి ఒక పుల్కా. అంతే. షుగరు గోలీ మాత్రం ఎప్పటిలాగే. "గోలీ ఒక్కనాడు కూడ ఇడ్వలేదు సిస్టరమ్మా" అని ఎంతో నమ్మకంగా చెప్పారు. పాపం, ప్రమాదం అక్కడే వచ్చింది. కడుపునిండా తినే మనిషికి రాసిన గోలీ అది. తిండి మూడో వంతుకు పడిపోయినా గోలీ తన పని తాను చేసుకుపోయింది.

ఇరవై రోజుల్లో అయిదు కిలోలు తగ్గారట. అందులో కొంత భాగం నీరు. మన కండరాల్లో, కాలేయంలో కొంత పిండి పదార్థం నిల్వ ఉంటుంది. అది గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని తనతో పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే మొదట ఆ నిల్వ ఖర్చయి, నీరు మూత్రంలో పోతుంది. తూకం మిషను ముల్లు దిగుతుంది, మనం సంబరపడతాము. రెండు పూటలు మామూలుగా తినగానే ఆ నీరు తిరిగి వస్తుంది. "వారంలో అయిదు కిలోలు" అని గోడల మీద అంటించే కాగితాల రహస్యం ఇదే. మన ఎండాకాలంలో చెమట పట్టించి తగ్గామనుకునేవారిదీ ఇదే లెక్క.

మరి నిజమైన కొవ్వు ఎట్లా తగ్గుతుంది? మనం తినేది, ఒళ్ళు ఖర్చు పెట్టేది రెండూ కేలరీలలో కొలుస్తారు. ఖర్చుకంటే తక్కువ తింటే ఆ లోటును ఒంట్లో ఉన్న కొవ్వు పూడుస్తుంది. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. రోజుకు 500 తగ్గిస్తే వారానికి 3,500, అంటే అర కిలోకు కొంచెం తక్కువ. 1958లో అమెరికాలో విష్నోఫ్‌స్కీ అనే డాక్టరు వేసిన లెక్క ఇది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా వారానికి అర కిలో తగ్గడం క్షేమమని, బరువు తగ్గడానికి తినే ఆహారం రోజుకు 1,000 కేలరీలకు తగ్గకూడదని చెబుతుంది. ఆ తల్లి తిన్నది నేను కూడి చూస్తే 600 కూడా దాటలేదు.

అయితే అందరికీ 500 అని రాయడం నాకు ఇష్టం లేదు. ఎందుకో చెబుతాను. అదే సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం 65 కిలోల మగవారు కూర్చొని చేసే పనిలో ఉంటే రోజుకు 2,110 కేలరీలు చాలు. మధ్యరకం శ్రమకు 2,710, బరువు పనికి 3,470 కావాలి. 55 కిలోల ఆడవారికి ఇవి 1,660, 2,130, 2,720. ఇంటిపట్టున ఉండే పొట్టి మనిషి, 1,660 చాలిన మనిషి, అందులో నుండి 500 తీసేస్తే మిగిలేది 1,160. ఆ కొద్ది తిండిలో పప్పు, పాలు, కూర, పండు ఎక్కడ సర్దుతారు? జుట్టు రాలుతుంది, మెట్లెక్కితే కండ్లు తిరుగుతాయి, రక్తహీనత ఉన్నవారికైతే ఇంకా కష్టం. అందుకని నేను ఓ.పి.లో చెప్పే మాట ఒక్కటే. ఇప్పుడు తింటున్న దాంట్లో అయిదో వంతుకు మించి తగ్గించకండి. 1,660 తినేవారికి 330, 2,110 తినేవారికి 420, 2,710 తినేవారికి 540. చిన్న ఒళ్ళున్న ఆడవారికి వారానికి పావు కిలో తగ్గినా మంచి తగ్గుదలే.

ఇక మన బొగ్గు బాయి ఇండ్ల సంగతి. ఇది ఎవరూ చెప్పగా నేను వినలేదు కాని, శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్ నుండి వచ్చేవారిని చూసి చూసి తెలుసుకున్నాను. స్కాట్లాండులోని ఫైఫ్ అనే బొగ్గు ప్రాంతంలో 1952లో శాస్త్రవేత్తలు గని కార్మికుల వెంట, అదే గనుల ఆఫీసు గుమాస్తాల వెంట ఉండి వారు రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నారో కొలిచారు. గని కార్మికుడికి సగటున 3,660 కేలరీలు, గుమాస్తాకు 2,800. తేడా 860. మన దగ్గర తట్టా చెమ్మసుతో బొగ్గు ఎత్తిన ఫిల్లరన్నలు ఆ స్కాట్లాండు వారికి తీసిపోయే పని చేయలేదు. మూడు మెట్ల టిఫిను నిండా అన్నం తిన్నా అరిగిపోయేది, అది వారికి అవసరం కూడా. తరువాత ఎస్.డి.ఎల్. యంత్రాలు వచ్చాయి, ఓపెన్ కాస్టులు వచ్చాయి, కొందరు సర్ఫేసుకు మారారు, ఎందరో దిగిపోయారు. పని మారింది, టిఫిను మారలేదు. ఇంట్లో అమ్మలు ప్రేమతో అదే కొలత వండుతున్నారు. దిగిపోయిన రెండు మూడేండ్లకే పొట్ట, ఆ వెనుక బి.పి., షుగరు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కాని అన్నం గంటె లెక్క మార్చుకోవాలి.

కేలరీలు అంటే పుస్తకం పట్టుకొని కూర్చోవాలని భయపడకండి. కొన్ని గుర్తుంటే చాలు. చిన్న కప్పుడు అన్నం, అంటే 150 గ్రాములు, సుమారు 200. ఉడికించిన గుడ్డు 75, 80. చెంచాడు చక్కెర 20. చెంచాడు నూనె 45. రోజుకు అయిదు చాయలు రెండేసి చెంచాల చక్కెరతో తాగేవారికి చక్కెర ఒక్కటే 200. మరొక సంగతి, అన్నం బదులు జొన్నరొట్టె తింటే సన్నబడతామని చాలామంది నమ్మకం. బియ్యం, జొన్నలు, గోధుమలు ఏవైనా వంద గ్రాములకు 330 నుండి 355 వరకు ఉంటాయి, పెద్ద తేడా లేదు. జొన్నరొట్టెలో పీచు ఉంటుంది, నమిలి తింటాము, రెండింటితో కడుపు నిండుతుంది. అందుకే మంచిది. అన్నం మానేసి ఆరు రొట్టెలు తింటే ఫలితం సున్న.

నేను అందరినీ మొదట అడిగేది అన్నం గురించి కాదు. "నెలకు ఎన్ని కిలోల నూనె కొంటారు?" అని అడుగుతాను. ఎంత తింటారని అడిగితే "గింతంతే తింట సిస్టరమ్మా" అని అందరూ చెయ్యి ముడిచి చూపిస్తారు. నూనె లెక్క మాత్రం కిరాణా చీటీలో ఉంటుంది, దాగదు. నలుగురున్న ఇంట్లో నెలకు 5 కిలోలంటే మనిషికి రోజుకు 40 గ్రాములకు పైనే, 375 కేలరీలు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో 2,000 కేలరీల పళ్ళెంలో నూనె, కొవ్వులు కలిపి 27 గ్రాములే చూపించారు. ఆ లెక్కన నలుగురికి నెలకు మూడుంబావు కిలోలు చాలు. 5 నుండి మూడున్నరకు దిగినా ఇంట్లో ప్రతివారికి రోజుకు 110 కేలరీలు ఎవరి కడుపూ మాడకుండా తగ్గినట్టే. సర్వపిండి, సకినాలు ఎప్పుడూ తినవద్దని నేను చెప్పను, సంక్రాంతికి మా ఇంట్లోనూ చేస్తాము. అయితే సంక్రాంతి జనవరితో అయిపోవాలి, హోళీ దాకా డబ్బాలో ఉండకూడదు.

సంఘ పత్రికలో ఈ మాట రాస్తే కొందరికి కోపం రావచ్చు, అయినా రాస్తాను. ఒక క్వార్టరు విస్కీలో మద్యం ఒక్కటే సుమారు 420 కేలరీలు. దానితో పాటు తినే పల్లీలు, వేపుళ్ళు వేరు. "మా ఆయన రాత్రి అన్నం తినడు, అయినా పొట్ట ఎందుకు వస్తుంది?" అని భార్యలు అడుగుతుంటారు. జవాబు అదే.

అసలు తిండి బాగా తగ్గిస్తే త్వరగా తగ్గుతాము కదా, కొన్నాళ్ళు ఓర్చుకుంటే పోలేదా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. దీనికి పాత సాక్ష్యం ఒకటి ఉన్నది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు వారి మామూలు తిండిలో సగం, అంటే రోజుకు సుమారు 1,570 కేలరీలు పెట్టారు. వారిలో చాలామంది మెన్నొనైటు, బ్రెద్రెన్, క్వేకరు సంఘాల వారు. యుద్ధంలో ఆయుధం పట్టమని చెప్పి, దానికి బదులుగా ఈ ప్రయోగానికి తమ శరీరాలను ఇచ్చారు. బరువు నాలుగో వంతు తగ్గింది. దానితోపాటు బలమూ తగ్గింది. ఎప్పుడూ చలి, నీరసం, చిరాకు, దిగులు. రోజంతా తిండి మీదే ధ్యాస. తరువాత తిండి దొరికినప్పుడు ఆపుకోలేక తిన్నారు, మొదటికంటే ఎక్కువ కొవ్వు చేరింది. ఇది బలహీనమైన మనస్సు వల్ల జరిగింది కాదు. ఆకలిగొన్న శరీరం చేసే పని అది. చాలా త్వరగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదమూ ఎక్కువ.

మన తల్లి దగ్గరకు వస్తాను. ఆమె బరువు 68 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు. తగ్గవలసిన మాట నిజమే. మామూలు రోజుల్లో తినేది కూడితే 1,900 దాకా వచ్చింది. 350 తగ్గించాలనుకున్నాము. నూనెలో 110. రాత్రి రెండు కప్పుల అన్నాన్ని ఒకటింపావుకు తెస్తే 150. వారానికి మూడు నాలుగు సాయంత్రాలు తెప్పించుకునే మిర్చి బజ్జీలు ఆపితే రోజుకు సగటున 90. ఏ పూటా మానలేదు. అన్నం తగ్గిన చోట ఆకుకూర పప్పు, గుడ్డు, పెరుగు పెంచాము, ఎందుకంటే మాంసకృత్తులు తక్కువైతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. సాయంత్రం అరగంట నడక. ఆ బరువుకు నడక ఖర్చు 120 కేలరీలే. ఒక బజ్జీకి కొంచెం ఎక్కువ. నడక కండను, మోకాళ్ళను కాపాడటానికి. తిండి తగ్గించకుండా నడకతోనే సన్నబడదామంటే చాలా ఓపిక కావాలి. అన్నిటికంటే ముందు డాక్టరు గారు గోలీ మోతాదు తగ్గించారు.

పెండ్లి నాటికి తగ్గింది రెండు కిలోలు మాత్రమే. కొంచెం నిరాశ పడ్డారు. అయితే నిలబడి అన్ని పనులు చేసుకున్నారు. తొమ్మిది నెలలకు మొత్తం ఆరు కిలోలు. కాగితం లెక్క ప్రకారం ఇంకా ఎక్కువ తగ్గాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుంది, అందుచేత తగ్గుదల నెమ్మదిస్తుంది. 2011లో అమెరికాలో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త ఈ విషయాన్ని లెక్కలతో చూపించారు. కాబట్టి మూడో, నాలుగో నెలలో ముల్లు ఆగిపోతే ఇంకొక పూట తిండి కోసుకోవద్దు. నడుము టేపు పెట్టి చూడండి. మనవారిలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ముల్లు కదలకపోయినా టేపు కదులుతూ ఉంటే సంతోషించండి. 2006లో వెలువడిన చెన్నై అధ్యయనంలో షుగరు అంచున ఉన్నవారు తిండి, నడక మార్చుకుంటే బరువు పెద్దగా తగ్గకపోయినా షుగరు వచ్చే ప్రమాదం 28 శాతానికి పైగా తగ్గింది.

తూకం రోజూ చూడవద్దు. వారానికి ఒకసారి, ఉదయం, ఒకే మిషను మీద, చెప్పులు లేకుండా.

గర్భిణీలు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, టి.బి. మందులు వాడేవారు, కిడ్నీ జబ్బున్నవారు సొంతంగా తిండి తగ్గించకూడదు. ఏ ప్రయత్నం లేకుండానే బరువు తగ్గుతుంటే అది శుభవార్త కాదు, పరీక్షకు రావాలి. షుగరు గోలీలు, ఇన్సులిను తీసుకునేవారు శ్రమకాల దినాల్లో ఉపవాసం ఉండదలచినా ముందు డాక్టరు గారికి చెప్పండి. ఈమధ్య బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి కూడా అడుగుతున్నారు. అవి ఆకలి తగ్గించి తిండి తగ్గిస్తాయి. డాక్టరు పరీక్షించి రాస్తేనే, మెడికలు షాపులో అడిగి కొనేవి కావు.

చల్లని చెమటలు, వణుకు, గుండె దడ, తికమక మాటలు వస్తే, మనిషికి తెలివి ఉంటే, మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి, తేరుకున్నాక అన్నం పెట్టండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఓ.పి.కి వచ్చేటప్పుడు వాడుతున్న గోలీల చీటీ, పోయిన నెల కిరాణా చీటీ, రెండూ తెచ్చుకోండి.