మీకు తెలుసా? ఆటలోనూ గాలిదే పెత్తనం

తెరచాప ఓడలతో ఆన్‌లైన్‌లో యుద్ధం చేసే ‘నేవల్ యాక్షన్’ 2019లో పూర్తిస్థాయిలో విడుదలైంది. ఇందులో ఫిరంగుల కన్నా ముందు గాలిని చూసుకోవాలి. ఓడ గాలికి నేరుగా ఎదురెళ్లదు, అటూఇటూ మళ్లుతూ పోవాల్సిందే. గుండ్లలోనూ రకాలున్నాయి: చెక్కను చీల్చడానికి ఇనుప గుండు, తెరచాపలు చింపడానికి గొలుసు గుండు, మనుషుల మీదికి చిన్న గుండ్ల గుత్తి.

అన్నిటికన్నా ఘోరమైన దెబ్బ వెనుక నుంచి కొట్టేది. అక్కడ చెక్క పలచన, పైగా అద్దాల కిటికీలు. లోపలికి దూరిన గుండు ఓడ పొడవునా దూసుకుంటూ పోతుంది. 1805లో ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఓడ ‘విక్టరీ’ ఫ్రెంచి ‘బుసాంటోర్’ను దెబ్బతీసింది ఇలాగే. ఇలాంటి తెరచాప ఓడల పోరు మన దగ్గరా జరిగింది: అంతకు ఏడాది ముందే, 1804 సెప్టెంబరు 15న, మన విశాఖ తీరంలో ఫ్రెంచి అడ్మిరల్ లినువా ఓడలు బ్రిటిష్ ‘సెంచూరియన్’ మీద విరుచుకుపడ్డాయి. ఆ సంగతి మనలో ఎందరికి తెలుసు?

ఒక్క విషయంలో మాత్రం ఆటలు వాస్తవాన్ని పక్కనపెట్టక తప్పదు: సమయం. ట్రఫాల్గర్‌లో తెల్లవారుజామున కనబడ్డ శత్రువుపై తొలి ఫిరంగి పేలేసరికి ఇంచుమించు మధ్యాహ్నమైంది. అంతసేపు తెర ముందు ఖాళీగా కూర్చునే ఓపిక ఏ ఆటగాడికుంటుంది!