ఆ గది ముందు బెంచీ

తిరువూరు కుర్రాడికి దగ్గొస్తే పక్కవీధి మందుల షాపుకి నడిచెళ్తాడు. హెచ్‌ఐవీ అనుమానం వస్తే మాత్రం విజయవాడ బస్సెక్కాలని చూస్తాడు. రానూపోనూ పూట గడిచిపోతుంది, ఇంట్లో చెప్పడానికో అబద్ధం కావాలి. అయినా సరే! సొంతూళ్లో అయితే పెద్దాసుపత్రి గేటు దాటేలోపే ఎవరో ఒకరు పలకరిస్తారు, ‘ఏరా, ఇక్కడున్నావేంటి?’ అని.

అమెరికా వెళ్లిన మన పిల్లలకు ఇలాంటి అనుమానమొస్తే క్యాంపస్‌లోనే హెల్త్ సెంటర్ ఉంటుంది. మన డిగ్రీ కాలేజీల్లో ఉన్నది ఎయిడ్స్ అవగాహనకు పెట్టిన రెడ్ రిబ్బన్ క్లబ్బు. డిసెంబరు 1న, ఎయిడ్స్ దినం నాడు, ర్యాలీ, వ్యాసరచన పోటీ, ఓ ఫొటో. ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని ఊరూరా హోర్డింగులు పెట్టిన కాలం మా తరానికి గుర్తే. ఆ ప్రశ్న బుర్రలో నిలిచిపోయింది గానీ, అనుమానమొస్తే ఏ గది తలుపు తట్టాలో నిలవలేదు.

ఆ గది పేరు ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం. సర్కారు ఆసుపత్రుల్లో ఉంటుంది, పైసా తీసుకోరు. దాని ముందు బెంచీ మీద ఎవరుంటారో ఓసారి చూడండి. పరీక్షకొచ్చిన గర్భిణులు, టీబీ రోగులు, ఆపరేషన్‌కు ముందు డాక్టరు పంపినవాళ్లు. అక్కడ కూర్చున్నంత మాత్రాన ఎవరికీ ఏమీ తెలియదు.

ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. ఎప్పుడు, ఎలా అని అడుగుతారు. సిగ్గుపడి తేదీ తప్పు చెబితే నష్టం మనకే. వైరస్ చేరిన వెంటనే పరీక్షకు చిక్కదు, మూడు వారాల నుంచి మూడు నెలలు పట్టొచ్చు. కాబట్టి మొదటిసారి ‘లేదు’ అని వచ్చినా మళ్లీ రమ్మంటారు. అదే 72 గంటల్లోపు వెళ్తే, వైరస్ అంటకుండా 28 రోజుల మందుల కోర్సుంది.

తర్వాత కాస్త రక్తం. వేలెడంత ప్లాస్టిక్ కిట్‌లో చుక్క వేస్తారు. ‘సి’ ఎదుట గీత పడితే కిట్ పనిచేస్తున్నట్టు. ‘టి’ ఎదుట పడకపోతే వైరస్ జాడ దొరకనట్టు. అరగంటలోపు తేలిపోతుంది గానీ, అంత పొడవైన అరగంట ఇంకోటుండదు. గీత పడినా ఒక్క కిట్‌తో తీర్పు చెప్పరు, మూడు రకాల కిట్లతో చూస్తారు.

ఇదంతా తప్పించుకోవడానికి కొందరు కాలేజీ రక్తదాన శిబిరంలో పడుకుంటారు, ఎలాగూ పరీక్ష చేస్తారు కదా అని. ఇంతకన్నా ప్రమాదకరమైన తెలివి లేదు. పరీక్షకు చిక్కని రోజుల్లో ఇచ్చిన ఆ రక్తం నేరుగా ఇంకొకరి ఒంట్లోకి పోతుంది.

మన దేశంలో హెచ్‌ఐవీని మొదట పట్టుకున్నదీ ఓ విద్యార్థినే. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్న సెల్లప్పన్ నిర్మల, గైడు సునీతి సోలమన్ చెప్పగా రక్త నమూనాలు సేకరించి, ఐసు పెట్టెలో సర్దుకుని, రాత్రి రైల్లో వెల్లూరు పట్టుకెళ్లారు. అప్పట్లో పరీక్షకు రైలెక్కక తప్పలేదు. ఇప్పుడు బస్సు కూడా అక్కర్లేదు.

2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం కాలేజీకి చెప్పకూడదు, సీటుకో ఉద్యోగానికో ఈ పరీక్షను షరతు పెట్టకూడదు. పద్దెనిమిది నిండనివారికి మాత్రం తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. ఇంటర్ పిల్లలకు ఇదే చిక్కు. ఏ కుర్రాడు నాన్నని వెంటబెట్టుకుని వస్తాడు? ఈ నిబంధన మార్చాల్సిందే.

పాజిటివ్ వస్తే 2004 నుంచీ మందులు ఉచితం. ఇప్పుడు చాలామందికి రోజుకో మాత్ర చాలు. క్రమం తప్పకుండా వేసుకుని, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి అలాగే నిలిస్తే, కలయిక ద్వారా భాగస్వామికి సోకదు.

గేటు దాటే ధైర్యం ఇంకా రాకపోతే ముందు 1097కి ఫోన్ చేయండి. టోల్‌ఫ్రీ. పేరు చెప్పక్కర్లేదు.