వారానికి పావుకిలో చాలు

'బాహుబలి' మొదటి భాగం 2015 జులైలో వచ్చింది. అప్పటినుంచీ భీమవరంలో జిమ్ములో చేరే కుర్రాళ్ళలో చాలామందిది ఒకటే కోరిక: "ప్రభాస్‌లా అవ్వాలండి." ఆ సినిమా హీరో ప్రభాస్ కుటుంబానిది మా పశ్చిమగోదావరి మొగల్తూరే కాబట్టి ఆ అభిమానంలో కాస్త సొంతూరి చుట్టరికం కూడా కలిసుంటుంది. ఆ సినిమా కోసం ఆయన వంద కిలోలు దాటేదాకా బరువు పెరిగారని అప్పట్లో పత్రికలు రాశాయి. కుర్రాళ్ళ చెవిన ఆ వంద కిలోల మాట గట్టిగా పడింది. లక్ష్మణ్ రెడ్డి లాంటి శిక్షకుడు పక్కనే ఉండి రోజూ చూసుకున్న సంగతి, ఏళ్ళ తరబడి సాగిన కసరత్తు సంగతి అంత గట్టిగా పడలేదు.

నేను ఈ ఊళ్ళో జిమ్ నడుపుతాను. కండ పెంచుకోవాలని వచ్చే కుర్రాడికి నేను మొదట చెప్పే మాట, చివరిదాకా చెబుతూ ఉండే మాట ఒక్కటే. బరువు పెరగడం వేరు, కండ పెరగడం వేరు. రెండూ తూనిక మీద ఒకేలా కనిపిస్తాయి. అందుకే తూనిక ఒక్కదాన్నే నమ్మకూడదు.

కండ పెంచడానికి కావాలని ఎక్కువ తిని బరువు పెరగడాన్ని జిమ్ భాషలో బల్కింగ్ అంటారు. తర్వాత తిండి తగ్గించి కొవ్వు దింపుకోవడం కటింగ్. మా కుర్రాళ్ళ బల్కింగ్ ఎలా ఉంటుందంటే, పొద్దున్నే ఆరు గుడ్లు, పదింటికి డబ్బాలోంచి బరువు పెంచే మాస్ గెయినర్ పొడి రెండు స్కూపులు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం అరటిపండ్ల మిల్క్‌షేక్, రాత్రికి మళ్ళీ పలావు. మూడు నెలలు తిరిగేసరికి ఎనిమిది కిలోలు. "మా వాడు ఒళ్ళు చేశాడండీ" అని వాళ్ళమ్మ సంబరపడుతుంది. చొక్కా భుజాల దగ్గర కాస్త బిగిసిన మాట నిజమే. పొట్ట దగ్గర మాత్రం ఇంకా ఎక్కువ బిగిసింది. అడిగితే, "పర్లేదు మాస్టారూ, తర్వాత కట్ చేసేద్దాం" అంటాడు.

కండకి ఓ వేగం ఉంది

బరువులు ఎత్తినప్పుడు కండరపు పోగుల మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి శరీరం తిండిలోని ప్రొటీన్‌తో ఆ పోగుల్ని మునుపటికంటే లావుగా కట్టుకుంటుంది. ఈ పని చాలావరకు విశ్రాంతిలో, నిద్రలో నడుస్తుంది. రోజుకి ఇంత అని దానికో హద్దుంది. ఆ హద్దుకి సరిపడా తిండి, దానిపైన కాస్త మిగులు ఉంటే పని సాఫీగా సాగుతుంది. మిగులు రెట్టింపు చేసినంత మాత్రాన కండ రెట్టింపు వేగంతో పెరగదు. పని పూర్తయ్యాక మిగిలిన శక్తిని శరీరం కొవ్వుగా దాచేస్తుంది. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. అంటే రోజుకి వెయ్యి కేలరీలు అదనంగా తినేవాడు వారానికి కిలోకి దగ్గరగా పెరుగుతాడు. అంత వేగంగా కండ కట్టుకునే శక్తి ఏ ఒంటికీ లేదు.

దీన్ని నార్వేలో అగ్రశ్రేణి క్రీడాకారుల మీద పరీక్షించి చూశారు. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఒక జట్టు రోజుకి దాదాపు 500 కేలరీలు అదనంగా తినేలా నిపుణులు దగ్గరుండి చూసుకున్నారు. రెండో జట్టు తన ఆకలి కొద్దీ తింది. కసరత్తు రెండు జట్లకీ ఒకటే. ఎనిమిది నుంచి పన్నెండు వారాల తర్వాత చూస్తే ఎక్కువ తిన్న జట్టులో కొవ్వు 15 శాతం పెరిగింది, రెండో జట్టులో 3 శాతం. కండ దగ్గర మాత్రం రెండు జట్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు.

"తర్వాత కట్ చేద్దాం" అనే మాట కూడా అనుకున్నంత తేలిక కాదు. బరువు తగ్గినప్పుడు కొవ్వు కణాలు సన్నబడతాయే తప్ప వాటి సంఖ్య పెద్దగా తగ్గదు. పైగా కడుపు మాడ్చుకుని గబగబా తగ్గితే కొవ్వుతోపాటు కష్టపడి కట్టుకున్న కండ కూడా కొంత పోతుంది. ఆరు నెలలు పెంచి, మరో ఆరు నెలలు దింపి, ఏడాది చివర మొదలెట్టిన చోటే నిలబడ్డ కుర్రాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

సన్నగా ఉన్నా కొవ్వు ఉంటుంది

మనవాళ్ళ విషయంలో ఇంకో చిక్కుంది. పుణేకి చెందిన మధుమేహ పరిశోధకుడు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ జాన్ యుడ్‌కిన్ కలిసి 2004లో 'లాన్సెట్' వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే ప్రచురించారు. ఎత్తుకి తగ్గ బరువు చూపే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మన ఒంటితీరు అలాంటిది. చేతులు సన్నగానే ఉంటాయి, కొవ్వు పొట్ట చుట్టూ, లోపలి అవయవాల చుట్టూ చేరుతుంది. అందుకే మనవాళ్ళకి నడుము హద్దు తక్కువగా పెట్టారు. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80. అది దాటితే షుగరు, బీపీ, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది.

ఈ ముప్పు మా గోదావరి జిల్లాలకి కొత్త కాదు. ఉభయగోదావరి పల్లెల్లో 45 ఊళ్ళని తీసుకుని, 2003-04 ప్రాంతంలో ఒక ఏడాదిపాటు జరిగిన మరణాలకి కారణాలేమిటో పరిశోధకులు ఇళ్ళకి వెళ్ళి ఆరా తీశారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. ఇదే ప్రాంతంలో 30 ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి 13 మందికి మధుమేహం ఉందని అప్పుడే తేలింది. ఇలాంటి నేల మీద పుట్టిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు కండ పేరు చెప్పి పొట్ట పెంచుకుంటుంటే నేను చూస్తూ ఊరుకోలేను.

చెరువు గట్టు లెక్క

మా నాన్నది ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువు. ఈ బల్కింగ్ సంగతి కుర్రాళ్ళకి చెప్పాల్సి వస్తే నేను ఆ చెరువు గట్టు మీదికే తీసుకెళ్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఇళ్ళలో అదే పని.

మేత వేసిన రెండు గంటలకి, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేని నాన్న పైకి లాగుతాడు. ట్రేలో మేత మిగిలి ఉంటే తర్వాతి పూటకి తగ్గిస్తాడు. ట్రే శుభ్రంగా ఉండి, అందులోని రొయ్యని వెలుతురుకి ఎత్తి చూస్తే పేగు నిండుగా గీతలా కనిపిస్తే అదే మేత సాగిస్తాడు, కొద్దిగా పెంచుతాడు. వారానికోసారి విసురు వల వేసి, పడ్డ రొయ్యని తూచి, కౌంట్ ఎంతకి దిగిందో పుస్తకంలో రాసుకుంటాడు. కిలోకి వంద తూగితే వంద కౌంట్, అంటే ఒక్కో రొయ్య పది గ్రాములు. రొయ్య త్వరగా పెరగాలని మేత గుమ్మరించే రైతుని మా వైపు ఎవరూ మెచ్చుకోరు. మిగిలిన మేత అడుగున కుళ్ళుతుంది, మట్టి నల్లబడుతుంది, నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుంది. డబ్బూ పోతుంది, రొయ్యా పోతుంది. ఎన్ని కిలోల మేతకి కిలో రొయ్య వచ్చిందన్నదే లెక్క. దాన్నే ఎఫ్‌సీఆర్ అంటారు.

మన ఒంటికీ ఇదే పద్ధతి కావాలి. తూచాలి, కొలవాలి, రాసుకోవాలి, దాన్నిబట్టి తిండి సరిచేసుకోవాలి.

పుస్తకంలో మూడు గడులు

మా జిమ్ములో ప్రతివాడి దగ్గరా ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. అందులో మూడు గడులు: బరువు, నడుము, స్క్వాట్ (భుజాల మీద బరువుతో తీసే గుంజీలో ఎత్తిన కిలోలు). పొద్దున్నే లేచి, కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు తూచుకోవాలి. ఒక్కరోజు అంకె మీద ఆధారపడకూడదు. రాత్రి ఉప్పు ఎక్కువ తిన్నా, పులిహోర ఎక్కువ తిన్నా తెల్లారేసరికి కిలో తేడా వస్తుంది, అది నీరు. వారంలో నాలుగైదు రోజుల సగటు తీసుకోవాలి. నడుము వారానికోసారి బొడ్డు దగ్గర, ఊపిరి మామూలుగా వదిలి, టేపు బిగించకుండా కొలవాలి.

ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడి పుస్తకం ఇప్పుడు నా ముందుంది. మొదలుపెట్టినప్పుడు బరువు 62 కిలోలు, నడుము ముప్పైన్నర అంగుళాలు. మొదటి రెండు వారాల్లోనే కిలోపైన పెరిగాడు. ఎగిరి గంతేశాడు కానీ అది కండ కాదు. కసరత్తు, తిండి పెరిగినప్పుడు కండరాల్లో గ్లైకోజెన్ నిల్వ చేరుతుంది, ఒక్కో గ్రాముతో మూడు గ్రాముల నీరు చేరుతుంది. మూడో వారం నుంచి అసలు లెక్క మొదలైంది. వారానికి ఒంటి బరువులో పావు నుంచి అర శాతం పెరగడం మంచి వేగం. 62 కిలోలవాడికి అది 150 నుంచి 300 గ్రాములు. మధ్యస్తంగా పావుకిలో.

సంక్రాంతి వారాల్లో అతని పేజీ చూడగానే తెలిసిపోతుంది. రెండు వారాల్లో కిలోన్నర, నడుము అర అంగుళం పైకి. స్క్వాట్ గడిలో అంకె మాత్రం కదల్లేదు. అరిసెలు, తాపేశ్వరం కాజా, కోడి పలావు కథంతా అక్కడే ఉంది. పండగ తిండి తిననివ్వకపోవడం నా పద్ధతి కాదు. పండగ అయ్యాక సాయంత్రం మిక్చరు, మిల్క్‌షేక్ మానిపించాను, అన్నం ఒక గరిటె తగ్గించాను. మూడు వారాల్లో గాడిన పడ్డాడు. ఆరు నెలలకి 68 కిలోలు, నడుము ముప్పైఒకటిన్నర, స్క్వాట్ 50 కిలోల నుంచి 90 కిలోలకి. బరువుతోపాటు ఎత్తే బరువూ పెరిగింది, నడుము పెద్దగా కదల్లేదు. కండ పెరిగిందనడానికి ఇంతకంటే ఖరీదైన పరీక్ష అక్కర్లేదు.

అప్పటికే పొట్ట ఉన్నవాడు, నడుము 36 అంగుళాలు దాటినవాడు బల్కింగ్ జోలికే పోవద్దంటాను. కొత్తగా బరువులు ఎత్తేవాడికి మామూలు తిండితోనే, ప్రొటీన్ పెంచుకుంటే చాలు, కొవ్వు తగ్గుతూ కండ పెరిగే వీలుంది.

పళ్ళెంలో ఏముండాలి

కండ కోసం కసరత్తు చేసేవాళ్ళకి కిలో ఒంటి బరువుకి 1.6 గ్రాముల ప్రొటీన్ దాకా మేలు కనబడిందని పరిశోధనలు చెబుతున్నాయి. 62 కిలోలవాడికి రోజుకి వంద గ్రాములు. మా జిల్లాల్లో ఇది కష్టం కాదు. అనపర్తి, తణుకు వైపు నుంచి గుడ్లు ఊరూరికీ వస్తాయి. నాలుగు గుడ్లకి దాదాపు 25 గ్రాములు. 150 గ్రాముల చేపో, రొయ్యో, కోడిమాంసమో తింటే 30 దాకా వస్తుంది. గుప్పెడు కందిపప్పుతో చేసిన ముద్దపప్పులో 11, అరలీటరు పాలు పెరుగుల్లో 16, మూడొందల గ్రాముల బియ్యంలో 20 పైన. వెరసి వంద దాటుతుంది. మాంసం ముట్టనివాళ్ళకి పెసరట్టు, మీల్‌మేకరు, శనగలు, పనీరు ఉన్నాయి.

ఇక అదనపు తిండి అంటారా, మామూలు భోజనం మీద రెండు గుడ్లు, ఒక చక్రకేళి. దాదాపు 250 కేలరీలు. మొదలుపెట్టేవాడికి ఇంతే చాలు. రెండు మూడు వారాలు బరువు కదలకపోతే ఇంకో గ్లాసు పాలు.

డబ్బాల గురించి అడుగుతారు. మాస్ గెయినర్లలో చాలావాటిలో సగానికిపైగా ఉండేది మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి పిండిపదార్థమే. మనింట్లో అన్నానికి కొదవేముంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పింది. ఇక సూదుల మాట. స్టెరాయిడ్లతో గుండె, కాలేయం దెబ్బతింటాయి, వృషణాలు కుంచించుకుపోతాయి. మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ అయితే ఆపరేషన్ సమయంలో పడిపోయిన బీపీని పైకి తేవడానికి డాక్టర్లు వాడే మందు. కసరత్తులో ఊపు కోసం దాన్ని ఎక్కించుకునే కుర్రాళ్ళున్నారు. వాటిని నా గుమ్మం లోపలికి రానివ్వను.

మల్లీశ్వరి చూపిన దారి

మన తెలుగునేల మీద బరువు పెరిగి బలం పెంచుకున్న కథ కావాలంటే శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట అమ్మాయి, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరిని చూడాలి. 1994, 1995 ప్రపంచ పోటీల్లో ఆమె 54 కిలోల తరగతిలో విజేత. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల తరగతిలో రజతం. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. 54 నుంచి 69కి చేరడానికి అయిదేళ్ళు పట్టింది. తరగతుల తేడా లెక్కేస్తే సగటున ఏడాదికి మూడు కిలోలు. ప్రపంచ విజేతకే అంత సమయం పట్టినప్పుడు మూడు నెలల్లో ఎనిమిది కిలోలు దేనికి?

జిమ్ నడిపే నా తోటివాళ్ళకి నాదొక విన్నపం. గోడకి అద్దం ఎంత పెద్దది పెట్టినా ఫర్వాలేదు, దాని పక్కన ఒక తూనిక, ఒక కొలత టేపు, ఒక నోటుపుస్తకం కూడా పెట్టండి. వాటన్నిటికీ కలిపి ఒక గెయినర్ డబ్బా ఖరీదంత కూడా అవ్వదు. తల్లిదండ్రులకీ చెబుతున్నా. "మా వాడు ఎన్ని కిలోలు పెరిగాడు?" అని అడిగిన ప్రతిసారీ, నడుము ఎంత పెరిగిందని కూడా అడగండి. ఆ రెండో ప్రశ్నకి జవాబు చెప్పలేని జిమ్ములో మీ అబ్బాయిని ఉంచకండి.